‘ఎక్కడ సేవ్ చేశావ్?’ అంటే ‘వర్డ్‌లో’ అంటారెందుకు?

రాత్రి పదకొండు దాటాక మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయడానికి ఇంకా నలభై నిమిషాలే ఉంది.

“బాబాయ్, ఫైలు కనిపించట్లేదు.”

“ఎక్కడ సేవ్ చేశావ్?”

“వర్డ్‌లో.”

“వర్డ్‌లో సరేనమ్మా, ఎక్కడ?”

“అదే బాబాయ్, వర్డ్‌లోనే!”

ఇద్దరం తెలుగే మాట్లాడుతున్నాం, అయినా ఒకరి మాట ఒకరికి ఎక్కట్లేదు. వర్డ్ తెరిస్తే ఆ పేరు మొదటి వరసలోనే ఉంది. నొక్కితే తెరుచుకుంటోంది. రాసిన పదకొండు పేజీలూ చెక్కుచెదరలేదు. కాలేజీ పోర్టల్లో ‘ఫైల్ ఎంచుకోండి’ నొక్కితే వచ్చే విండోలో మాత్రం ఆ పేరే లేదు. డాక్యుమెంట్స్‌లో లేదు, డౌన్‌లోడ్స్‌లో లేదు, డెస్క్‌టాప్ మీదా లేదు.

ఉంది, కానీ లేదు. రెండూ నిజమే. ఈ చిక్కు ఎక్కడ పడిందో తెలిస్తే కాలేజీలో చేరినవాళ్లు కంప్యూటర్‌తో పడే అవస్థల్లో సగం ఎందుకొస్తాయో అర్థమవుతుంది.

ఈ పిల్లకు టెక్నాలజీ రాదని కాదు. ఫోన్లో వీడియో ఎడిటింగ్ నాకంటే తనే బాగా చేస్తుంది. కంప్యూటర్లు, ఇంటర్నెట్ మధ్య పెరిగినవాళ్లను ‘డిజిటల్ నేటివ్స్’ అనడం 2001లో అమెరికన్ రచయిత మార్క్ ప్రెన్‌స్కీ రాసిన వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. ఆ మాట పట్టుకుని, వీళ్లకు కంప్యూటర్ ఎవరూ నేర్పక్కర్లేదని చాలామంది అనుకున్నారు. అనేక దేశాల ఎనిమిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ నైపుణ్యాల పరీక్ష పెట్టే ఐసీఐఎల్ఎస్ అధ్యయనం 2018లో తేల్చింది వేరు. పరికరాల మధ్య పెరిగినంత మాత్రాన వాటిని లోతుగా వాడే నేర్పు దానంతటదే రాదు.

## ఫోల్డర్ పెట్టె కాదు, జాబితా

మొదట్నుంచీ వద్దాం. ఫైలంటే ఒక పేరు తగిలించిన అంకెల వరస. ఫొటో అయినా, పాట అయినా, పదకొండు పేజీల అసైన్‌మెంట్ అయినా డిస్క్ మీద ఉండేవి బైట్లే. ఒక్కో బైటు 0 నుంచి 255 లోపు ఒక అంకె.

ఫోల్డర్ అనగానే కాగితాలు దూర్చిన పసుపుపచ్చ కవరు గుర్తొస్తుంది. ఆ బొమ్మ చూసి లోపల ఫైళ్లు నిజంగానే పేర్చి ఉన్నాయనుకుంటాం. అసలు ఫోల్డర్ ఒక జాబితా మాత్రమే. ఫలానా పేరుగల ఫైలు తాలూకు బైట్లు డిస్క్ మీద ఫలానా చోట ఉన్నాయని అందులో రాసి ఉంటుంది.

ఇది కళ్లారా చూడొచ్చు. 4 జీబీల వీడియోను ఒక ఫోల్డర్ నుంచి అదే డిస్క్‌లోని మరో ఫోల్డర్‌కి మారిస్తే రెప్పపాటులో అయిపోతుంది. దాన్నే పెన్‌డ్రైవ్‌లోకి పంపితే నిమిషాలు పడుతుంది. మొదటిసారి బైట్లు కదల్లేదు, ఒక జాబితాలో పేరు కొట్టేసి ఇంకో జాబితాలో రాశారంతే. రెండోసారి ప్రతి బైటూ కొత్తచోటికి నకలు కావాలి. పోయిన ఫైళ్లను రికవరీ సాఫ్ట్‌వేర్లు ఒక్కోసారి వెనక్కి తేగలిగేదీ ఇందుకే. పేరు చెరిగినా దాని బైట్లు కొన్నాళ్లు అక్కడే పడి ఉండొచ్చు.

జాబితాలో మరో జాబితా పేరు, అందులో ఇంకో జాబితా పేరు. ఇలా పైనుంచి కిందికి వరసగా చదువుకుంటూ వెళ్తే వచ్చేదే ‘పాత్’, అంటే ఫైలు చిరునామా: సి డ్రైవ్, అందులో యూజర్స్, అందులో మన పేరు, అందులో డాక్యుమెంట్స్. ఈ చెట్టులాంటి అమరిక 1960లలో మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రూపొందింది. అక్కణ్నుంచి యూనిక్స్ అనే మరో సిస్టమ్‌కి, దాన్నుంచి ఇవాళ్టి కంప్యూటర్లన్నిటికీ పాకింది. దానికి ఆఫీసు బల్ల, కవర్లు, కాగితాల బొమ్మలు తొడిగి 1981లో అమ్మకానికి వచ్చింది జిరాక్స్ స్టార్ అనే కంప్యూటర్. 1984లో యాపిల్ వారి మాకింతోష్ ఆ బొమ్మల్ని ఇంకా ఎక్కువమంది కళ్లకు అలవాటు చేసింది.

## ఫోన్ భాషలో ఆ జవాబు సరైనదే

2007లో వచ్చిన ఐఫోన్లో ఫైళ్లు, ఫోల్డర్లు చూసుకునే దారే లేదు. యాపిల్ ఫైల్స్ యాప్ ఇచ్చింది 2017లో. పదేళ్లపాటు ఫొటో ఎక్కడుందంటే ఫొటోస్‌లో, నోట్ ఎక్కడుందంటే నోట్స్‌లో. ఆండ్రాయిడ్‌లో ఫైల్ మేనేజర్ ఉన్నా, అది తెరవకుండానే ఏళ్లు గడిపేసేవాళ్లు బోలెడుమంది.

దీన్ని బద్ధకపు డిజైన్ అనడానికి లేదు. పాత కంప్యూటర్లో మనం తెరిచిన ఏ ప్రోగ్రామైనా మన ఫైళ్లన్నీ చదివేయగలదు. ఫోన్లో ఒక్కో యాప్‌కి ఒక్కో గది, గదికో తాళం. పక్క యాప్ సామాను ముట్టుకోవాలంటే మన అనుమతి అడగాలి. భద్రతకు అది మంచిదే, కాకపోతే దానివల్ల ‘ఎక్కడ’ అనే ప్రశ్నకు అర్థం మారిపోయింది. ఫోన్ చేతికొచ్చి పదేళ్లయిన పిల్లకు ‘ఎక్కడ’ అంటే ‘ఏ యాప్‌లో’ అని. నాకేమో ‘ఏ ఫోల్డర్లో’ అని. ‘వర్డ్‌లో’ అన్న జవాబు తన లెక్కన ముమ్మాటికీ కరెక్టు. నేనే రెండోసారి అదే ప్రశ్న గొంతు పెంచి అడిగాను.

## సేవ్ అయితే అయింది, ఏ చోటికి?

ఇక పోయిన ఫైలు సంగతి. టైప్ చేస్తున్నంతసేపూ అక్షరాలు ర్యామ్‌లో ఉంటాయి. ర్యామ్ పలక లాంటిది, కరెంటు పోతే చెరిగిపోతుంది. సేవ్ నొక్కితే అవి డిస్క్ మీదికి నకలవుతాయి. సేవ్‌కి గుర్తుగా కనిపించే ఆ చదరపు బొమ్మ 1.44 ఎంబీ పట్టే మూడున్నర అంగుళాల ఫ్లాపీ. ఇవాళ్టి విద్యార్థుల్లో చాలామంది దాన్ని చేత్తో ముట్టుకుని ఉండరు.

గూగుల్ డాక్స్ లాంటి వాటిలో సేవ్ బటనే ఉండదు. కొట్టిన అక్షరం కొట్టినట్టే సర్వర్‌కి వెళ్లిపోతుంది. లాప్‌టాప్‌లోని వర్డ్ ఫైలైతే ఎక్కణ్నుంచి తెరిచామో అక్కడికే సేవ్ అవుతుంది. మా పిల్ల ఫైలు దారి తప్పింది ఇక్కడే.

అసైన్‌మెంట్ నమూనా ఫైల్ని క్లాస్‌మేట్ ఒకరు మెయిల్లో పంపారు. ఈమె దాన్ని డౌన్‌లోడ్ చేయలేదు, మెయిల్లోనే నొక్కి తెరిచింది. అలా తెరిచినప్పుడు మెయిల్ ప్రోగ్రామ్ ఆ అటాచ్‌మెంట్‌ని ఒక తాత్కాలిక ఫోల్డర్లో పెట్టి, అక్కణ్నుంచి వర్డ్‌కి అందిస్తుంది. విండోస్‌లో అది ఉండేది మన పేరున్న ఫోల్డర్ లోపల ‘యాప్‌డేటా’ అనే చోట. యాప్‌డేటా మామూలుగా కనిపించదు, కావాలనే దాచి ఉంచుతారు. ఆమె వారంపాటు బుద్ధిగా సేవ్ నొక్కుతూ వచ్చింది, వర్డ్ బుద్ధిగా అక్కడికే సేవ్ చేస్తూ వచ్చింది. ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితాలో చిరునామా గుర్తుంటుంది కాబట్టి వర్డ్‌లో నొక్కగానే తెరుచుకుంది. అప్‌లోడ్ విండో మామూలు ఫోల్డర్లే చూపిస్తుంది కాబట్టి అక్కడ కనబడలేదు. మెయిల్ ప్రోగ్రామో, ఏదైనా క్లీనింగ్ సాఫ్ట్‌వేరో ఆ తాత్కాలిక ఫోల్డర్ని ఊడ్చేసి ఉంటే పదకొండు పేజీలూ గాల్లో కలిసేవి.

ఫైల్ మెనూలో ‘ఇన్ఫో’ దగ్గర చిరునామా చదివించాను. ‘యాప్‌డేటా’ అన్న మాట వినగానే నాకు బోధపడింది. ‘సేవ్ యాజ్’ కొట్టించి డెస్క్‌టాప్ మీద పెట్టించాను. అప్పటికి ఇరవై నిమిషాలు మిగిలాయి.

## పేరు చివరి చుక్క చెప్పేదెంత?

పోర్టల్ ఆ ఫైల్నీ తీసుకోలేదు. పీడీఎఫ్ మాత్రమే కావాలంది. తను చకచకా పేరు చివరున్న ‘డాక్‌ఎక్స్’ చెరిపేసి ‘పీడీఎఫ్’ అని రాసింది. పోర్టల్ తీసుకుంది! తీరా తెరిచి చూస్తే ‘ఫైలు పాడైంది’ అని వచ్చింది.

చుక్క తరవాతి ఆ అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు. అది సీసాకు అంటించిన చీటీ. ఉప్పు సీసాకు పంచదార అని చీటీ అంటిస్తే చూసినవాళ్లు నమ్ముతారేమో గానీ లోపలిది మారదు. ఏ ఫైలుని ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో తేల్చుకోవడానికి విండోస్ ఆ చీటీనే చదువుతుంది. తీరా ఫైలు చేతికొచ్చాక ప్రోగ్రామ్ చూసేది లోపలి బైట్లని.

లోపల ఏముందో చూడటం కష్టమేం కాదు. ఏ డాక్‌ఎక్స్ ఫైల్నైనా నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గుర్తుల మధ్య మొట్టమొదట కనిపించేవి ‘పీ’, ‘కే’ అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు. ఫైళ్లను కుదించి మూటగట్టే జిప్ ఫార్మాట్ తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి. అంటే డాక్‌ఎక్స్ నిజానికి జిప్ మూట. నకలు తీసి, చివర ‘జిప్’ అని మార్చి విప్పితే లోపల ఒక చోట అక్షరాలు, ఒక చోట బొమ్మలు, ఒక చోట హెడ్డింగుల తీరుతెన్నులు విడివిడిగా ఉంటాయి. పీడీఎఫ్ మొదట్లోనేమో శాతం గుర్తు, ఆ పక్కనే పీడీఎఫ్ అని ఉంటుంది. పోర్టల్ చీటీ చూసి నమ్మింది, పీడీఎఫ్ రీడర్ ఆ మొదటి గుర్తు కోసం వెతికి లేదంది. వర్డ్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ కొడితే పేజీ మొత్తాన్ని పీడీఎఫ్ పద్ధతిలో కొత్తగా రాస్తుంది. మార్చడమంటే అదీ.

ఈ చీటీని విండోస్ 95 కాలం నుంచీ మామూలుగా దాచేస్తున్నారు, కొత్తవాళ్లు బెదరకూడదని. దానికి మూల్యం 2000 మే నెలలో తెలిసింది. ‘ఐ లవ్ యూ’ అనే పేరుతో మెయిల్లో పాకిన వైరస్ ప్రేమలేఖలా వచ్చేది. అటాచ్‌మెంట్ పేరు ‘టీఎక్స్‌టీ’ అని ముగిసినట్టు కనిపించేది. దాని వెనక ‘వీబీఎస్’ అన్న అసలు ఎక్స్‌టెన్షన్ ఉంది, అది ప్రోగ్రామ్ అని చెప్పే చీటీ. విండోస్ దాచింది ఆ చివరి ముక్కనే. మామూలు ఉత్తరమనుకుని లక్షలమంది నొక్కారు.

## ‘తెలుగు’ అనే మాటకు 18 బైట్లు

బైట్లన్నీ అంకెలే అయితే మన అక్షరాలు ఎక్కడుంటాయి? ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రపంచ పట్టిక యూనికోడ్. అందులో ‘త’ 3108, ఎత్వం గుర్తు 3142, ‘ల’ 3122, కొమ్ము 3137, ‘గ’ 3095. ‘తెలుగు’ చూడటానికి మూడక్షరాలు. పట్టిక లెక్కలో ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఈ సంఖ్యల్ని బైట్లుగా రాసే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది యూటీఎఫ్-8. అందులో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు. మొత్తం పద్దెనిమిది.

రాసిన పద్ధతిలోనే చదివితే పేచీ లేదు. వేరే పద్ధతిలో చదివితే ఏమవుతుందో, తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైల్ని (కామాలతో విడదీసి రాసిన పట్టికని) నేరుగా నొక్కి ఎక్సెల్‌లో తెరిచినవాళ్లకు తెలుసు. ‘త’ ఉండాల్సిన చోట నెత్తిన గీతున్న ఇంగ్లిషు ‘ఎ’, డిగ్రీల సున్నా, నాలుగు మూలలా గీతలున్న చిన్న సున్నా వరసగా కనిపిస్తాయి. ఫైలు పాడైపోలేదు. మూడు బైట్లూ కలిపి ఒక్క గుర్తుగా చదవాల్సింది, బైటుకో అక్షరం అనే పాత పట్టికతో చదివింది. అదే ఫైల్ని యూటీఎఫ్-8గా ఇంపోర్ట్ చేస్తే పేర్లు కుదురుగా వస్తాయి.

పాత డీటీపీ తెలుగు ఫాంట్ల గొడవ వేరు. అక్కడ ఫైల్లో ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంఖ్యలే, ఫాంటే వాటిని తెలుగు ఆకారాల్లో గీస్తుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ముసుగు తొలగిపోతుంది. కన్వర్టర్ ఉంటే తప్ప అది యూనికోడ్‌లోకి రాదు.

## క్లౌడ్‌లో ఉందంటే భద్రంగా ఉన్నట్టేనా?

లాప్‌టాప్ నిండిపోయిందని ఒకరు ప్రాజెక్టు ఫోల్డర్ డిలీట్ చేస్తారు. క్లౌడ్‌లో ఉందిగా అని ధైర్యం. కాసేపటికి క్లౌడ్‌లోనూ ఉండదు. సింక్ చేసేది అదే పని కదా: ఇక్కడ జరిగింది అక్కడా జరిపించడం. రాసింది అక్కడా రాస్తుంది, చెరిపింది అక్కడా చెరుపుతుంది. బ్యాకప్ అలా కాదు. నిన్నటి ఫైలు నిన్నటిలాగే ఉండాలి, ఇవాళ మనం ఏ పొరపాటు చేసినా సరే.

ఇవాళ్టి సర్వీసుల్లో ట్రాష్, పాత వెర్షన్లు ఉంటాయి కాబట్టి మామూలు విద్యార్థికి సింకే చాలని కొందరంటారు. అందులో నిజముంది. చాలా పొరపాట్లు గంటల్లోనే తెలుస్తాయి, వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలదనేవాళ్ల వాదనలోనూ పస ఉంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో వేసింది 30 రోజులకు దానంతటదే పోతుంది. సెమిస్టర్ మొదట్లో చెరిపింది చివర్లో గుర్తొస్తే ఎవరూ ఏమీ చేయలేరు. అకౌంట్‌లోకి వెళ్లే దారే మూసుకుపోతే వెర్షన్లున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఈ భయం నుంచే వచ్చింది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట.

నా మటుకు రెండూ ఒప్పే, ఏ ఫైలు అన్నదాన్ని బట్టి. వారం వారం రాసే నోట్సుకి సింక్ చాలు. ఏడాది పట్టిన ప్రాజెక్టుకి చాలదు.

ఇంకో మెలిక. వన్‌డ్రైవ్‌లో ‘ఫైల్స్ ఆన్ డిమాండ్’ అనే సదుపాయం ఉంది. ఫోల్డర్లో పేరు కనిపిస్తుంది, పక్కన మబ్బు బొమ్మ ఉంటుంది. పేరే ఉంది, బైట్లు సర్వర్లో ఉన్నాయి. నెట్ లేని చోట నొక్కితే తెరుచుకోదు. ఫోల్డర్ జాబితా మాత్రమేనన్న మాట ఇక్కడ మళ్లీ కళ్లకు కడుతుంది.

## ఫోల్డర్లు ఇంకా కావాలా, సెర్చ్ చాలదా?

ఇది తరాల తగాదాలా కనిపిస్తుంది గానీ పాతదే. 1990ల మధ్యలో యేల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గెలెర్న్‌టర్, ఎరిక్ ఫ్రీమన్ ‘లైఫ్‌స్ట్రీమ్స్’ అనే ఆలోచన చేశారు. ఫోల్డర్లే వద్దు, అన్నీ తేదీల వారీగా ఒకే ప్రవాహంలా ఉంటాయి, కావాల్సింది వెతుక్కుందాం అన్నారు. ఇవాళ్టి ఫోన్ గ్యాలరీ చూస్తే అదే గుర్తొస్తుంది. 2004లో వచ్చిన జీమెయిల్ ఉత్తరాలకు ఫోల్డర్ల బదులు లేబుళ్లు పెట్టింది. ఫోల్డర్లతో తీరని తగువు దాంతో తీరింది. ‘స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు’ని స్టాటిస్టిక్స్‌లో పెట్టాలా, ప్రాజెక్టుల్లో పెట్టాలా? లేబుళ్లయితే రెండూ తగిలించొచ్చు.

మరి ఫోల్డర్ ఎందుకు చావలేదు? ఒఫెర్ బెర్గ్‌మన్, తోటి పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మెరుగైన సెర్చ్ అందుబాటులో ఉన్నా జనం సొంత ఫైళ్ల కోసం ఎక్కువగా ఫోల్డర్ల దారినే వెళ్తున్నట్టు తేలింది. సెర్చ్ వైపు వెళ్లేది ముఖ్యంగా ఎక్కడ పెట్టామో మరిచిపోయినప్పుడే. వంటింట్లో చీకట్లోనూ డబ్బా మీదికి చెయ్యి వెళ్లినట్టు, చోటు గుర్తుంటే మాట గుర్తుండక్కర్లేదు. సెర్చ్‌కి మాట కావాలి. స్కాన్ చేసిన పేజీలో మాటల్లేవు, బొమ్మే ఉంది. ‘అధ్యాపకుడు’ అని వెతికితే ‘ఉపాధ్యాయుడు’ అని రాసిన ఫైలు రాదు.

ఆ అధ్యయనంలో ఉన్నవాళ్లంతా ఫోల్డర్లతోనే పెరిగారుగా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్‌తో పెరిగినవాళ్ల అలవాటు వేరుగా ఉండొచ్చు, దాన్ని తప్పనడానికీ లేదు. అయితే ఒక చోట మాత్రం ఇష్టాయిష్టాలు చెల్లవు. అది ప్రోగ్రామ్‌లు రాసేచోట.

విద్యార్థి ‘ల్యాబ్3’ అనే ఫోల్డర్లో పైథాన్ ప్రోగ్రామ్, దాని పక్కనే మార్కుల ఫైలు పెట్టుకుంటాడు. ప్రోగ్రామ్‌లో ‘మార్కుల ఫైలు తెరువు’ అని రాస్తాడు. నడిపితే ‘అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ (అంటే ఫోల్డర్) గానీ లేదు’ అని జవాబు. పక్కనే ఉంది కదా! చిక్కంతా ‘పక్కన’ అన్న మాటలో ఉంది. పక్కింట్లో ఇచ్చి రమ్మంటే, ఎవరి పక్కిల్లు? ప్రోగ్రామ్ రాసే ఎడిటర్లో అతను తెరిచింది ‘ల్యాబ్3’ని కాదు, దాని పైనున్న ‘పైథాన్’ ఫోల్డర్ని. ప్రోగ్రామ్ అక్కడ నిలబడి చుట్టూ చూసింది, అక్కడ ‘ల్యాబ్3’ అనే పేరు తప్ప మార్కుల ఫైలు కనబడలేదు. ‘ల్యాబ్3 లోపలి మార్కుల ఫైలు’ అని రాసినా పనిచేస్తుంది, ‘ల్యాబ్3’లో నిలబడి నడిపినా పనిచేస్తుంది. చిరునామాను మనం ఉన్న చోటినుంచి చెప్తే రిలేటివ్ పాత్, మొదటి మెట్టు నుంచి చెప్తే ఆబ్సల్యూట్ పాత్. ఇక్కడ సెర్చ్ ఆదుకోదు. ఆ ఒక్క వాక్యం ప్రతిసారీ ఒకే ఫైల్ని చూపించాలి, వెతికి తెచ్చిన పది ఫలితాల్ని కాదు.

మా పిల్ల ఆ రాత్రి గడువుకు ఆరు నిమిషాల ముందు పీడీఎఫ్ పెట్టేసింది. మర్నాటి నుంచి అన్నీ డ్రైవ్‌లోనే రాస్తోంది. వారం తిరక్కుండానే మళ్లీ ఫోన్.

“బాబాయ్, సార్‌కి లింకు పంపాను. తెరుచుకోవట్లేదంటున్నారు. నాకైతే తెరుచుకుంటోంది!”

ఈసారి ఎక్కడుందని అడగలేదు. ఎవరెవరు చూడొచ్చని పెట్టావమ్మా అని అడిగాను.